వృద్ధమాతకు తగిన తోడు



బండరాళ్ళ నడుమ నొదిగియుండిన మన రాయదుర్గమునకు 2019 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. ఇచ్చటి మేడలలో పగలు రేయి యను భేదము లేక ఉద్యోగములు సాగుచున్నవి. కొడుకులును కోడండ్రును సముద్రముల కవ్వలి గడియారము ననుసరించి పని చేయుచుండగా, ఊరినుండి వచ్చిన తల్లి పదునాల్గవ యంతస్తులో తలుపు వేసికొని కూర్చుండుచున్నది. ఈమెకు తోడుగా నొక మనిషిని కుదుర్పవలెనని పలువురు తలంచుచున్నారు. తలంపు మంచిదే. కాని యామెకేమి కావలెనో విచారింపక మనిషిని కుదుర్చుట, రోగ మెఱుగక మందిచ్చుటవంటిది.

మే మెఱిగిన యొక యింట డెబ్బది రెండేండ్ల యత్తగారికి రేయింబవళ్ళు కనిపెట్టియుండు ఆయాను కుదిర్చిరి. ఆ పెద్దమ్మ వంట చేసికొనగలదు, స్నానము చేయగలదు. చూపు తగ్గుటచే మాత్రల పేర్లు చదువలేదు, ఒంటరిగా బ్యాంకునకు పోలేదు. ఆయా వచ్చి యామె చేతి గరిటె పుచ్చుకొనెను, కదలనీయక కూర్చుండబెట్టెను. చదువు రానందున మాత్రల సంగతి మాత్రము మునుపటివలెనే యుండెను. ఆఱు నెలలకు మోకాళ్ళు బిగిసి, లేచుటకే చేయూత కావలసివచ్చెను. "నేను చేసికొను పని తీసివేసితిరి గాని, నాకు కావలసిన పని జరుగలేదు కదమ్మా" యని యామె కోడలితో ననెను.

ఈ పొరపాటు కలుగకుండుటకు వైద్యులు వాడు రెండు పట్టికలు మనకును పనికివచ్చును. మొదటిది 1963లో అమెరికా వైద్యుడు కాట్జ్ తన సహచరులతో గూర్చినది. స్నానము, వస్త్రధారణము, మరుగుదొడ్డికి పోవుట, మంచమునుండి లేచుట, మలమూత్రముల నాపుకొనుట, భుజించుట యను ఆఱును ఇందు గలవు. రెండవది 1969లో లాటన్, బ్రోడీ యనువారు గూర్చినది. టెలిఫోను, బజారు, వంట, ఇల్లు చక్కబెట్టుట, బట్టలుతుకుట, ప్రయాణము, మందులు, డబ్బు లెక్కలు అను ఎనిమిది ఇందు గలవు. ఒక వారము గమనించి, ప్రతిదాని కెదుట "తానే చేయును, కొంత సాయము కావలెను, చేయజాలదు" అని వ్రాసికొనుడు.

రెండవ పట్టికలోనే లోపమున్నచో, వారమున కొన్ని గంటల సహాయము చాలును. మాత్రలకు దినమున కొక యర గల పెట్టె తెచ్చి, ఆదివారమున మీరే నింపుడు. స్నానమున మాత్రమే భయమున్నచో, గోడకు పట్టుకొను కడ్డీ బిగించి, ఉదయ మొక గంట స్త్రీ సహాయకురాలిని పిలుచుట మేలు. మంచముననే యుండువారికి శిక్షణ పొందిన మనిషి కావలెను. వేళకు ప్రక్క మార్చనిచో ఒరిపిడి పుండ్లు పడును. పుండునకు కట్టు కట్టుట, మూత్రపు గొట్టము చూచుట నర్సు పనులు, ఆయావి కావు. ఇక ఒంటరితనమునకు మందు సేవకురాలు కాదు. సాయంకాలము క్రిందికి దిగి సమవయస్కులతో కూర్చుండు నవకాశము.

అన్నిటికంటె ముందు ఆమెనే యడుగుడు. వచ్చు మనిషికి మన భాష వచ్చునా? వంటయింటి యాచారము గౌరవించునా? ఒక నెల చూచి స్థిరపఱచుడు. పడిపోయినప్పుడును, ఆసుపత్రినుండి వచ్చినప్పుడును పట్టికను మరల వ్రాయుడు.

పిల్లలు చూడని తల్లులకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము అండగా నున్నది. వారు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. వృద్ధులకై యేర్పడిన 14567 అను టెలిఫోను సంఖ్యకు ఖర్చు లేకుండ మాటాడవచ్చును. పొరుగున నట్టి తల్లి యున్నచో ఈ సంగతి చెవిని వేయుడు.

తల్లి చేతనైన పనిని ఆమె చేతనే యుంచి, చేతకానిదానికి మాత్రమే చేయి యందించుట నిజమైన సేవ యని మా విశ్వాసము.