రొయ్య పళ్లు... కడుపులో!

కృష్ణపట్నం అనగానే ఓడరేవు గుర్తొస్తుంది. రేవుతో పాటు అక్కడ పడవలు, వలలు, చుట్టుపక్కల రొయ్యల చెరువులూ ఉన్నాయి. ఈ తీరంలో ఏ జీవి నోరు తెరిచి చూసినా, అది ఏం తిని బతుకుతుందో చాలావరకు చెప్పేయొచ్చు!

సొర చేపనే తీసుకోండి. పళ్లు కత్తి అంచులా పదును. అది నమలదు. కరిచి, ముక్క తెంచి మింగేస్తుంది. ఒక పన్ను ఊడితే వెనక వరసలోంచి ఇంకోటి ముందుకొస్తుంది. టేకు చేపల్లో చాలావాటికి పళ్లు చదునుగా, బండలు పరిచినట్టుంటాయి. గుల్లల్నీ, పీతల్నీ చితక్కొట్టాలి కదా మరి. పండుగప్పకు కుంచెలాంటి సన్నటి పళ్లు. దొరికిన చేప జారిపోకుండా పట్టుకోవడానికే అవి. ఆ తర్వాత గుటుక్కుమనిపించడమే!

గట్టు మీద మేసే నెల్లూరు గొర్రె తీరు వేరు. దానికి పైన ముందు పళ్లే ఉండవు. కింది పళ్లను గట్టి పైచిగురుకు నొక్కి గడ్డి తెంపుతుంది. వెనక దవడ పళ్లు తిరగలిలా పక్కలకు కదులుతూ పీచును మెత్తగా నూరేస్తాయి.

మరి రొయ్యకో? నోటి దగ్గర గట్టి దవడలున్నాయి. మేత గుళికను కాళ్లతో పట్టుకుని కొరుక్కుతింటుంది. అసలు నూరే పని మాత్రం కడుపులోని పళ్లది. ఆ కడుపుండేది తలభాగంలో. కూరకు రొయ్యలు ఒలిచేటప్పుడు తలతో పాటు మనం పారేసేది ఈ బుల్లి తిరగలినే!

రైతుకు దీనితో పనేంటంటారా? 1990లలో టైగర్ రొయ్య అయినా, 2009లో అనుమతి వచ్చాక వనామీ అయినా, పెట్టుబడిలో పెద్ద వాటా మేతదే. రొయ్య నిదానంగా కొరుక్కుతింటుంది కాబట్టి గుళిక నీళ్లలో వెంటనే కరిగిపోకూడదు. పిల్ల రొయ్యకు రవ్వలాంటి మేత, పెరిగేకొద్దీ పెద్ద గుళికలు వేయాలి. తినకుండా మిగిలింది అడుగున కుళ్లి నీళ్లను పాడుచేస్తుంది.

ఇంకో విశేషముంది. రొయ్య పెంకు విడిచినప్పుడు కడుపులోని పళ్లు కూడా ఊడి కొత్తవి వస్తాయి. అవి గట్టిపడేదాకా దానికి మేత సయించదు. అందుకే చెరువులో పెంకులు తేలగానే అనుభవమున్న రైతు మేత తగ్గిస్తాడు. చెక్ ట్రే పైకి లాగి చూస్తాడు. ట్రే ఖాళీ అయితేనే మళ్లీ పెంచుతాడు. ఆ నాలుగు రోజులు ఎప్పటిలాగే వేస్తే డబ్బూ పోతుంది, చెరువూ చెడుతుంది.