అతిథికి చూపవలసినదేమి?

హైదరాబాదునకు వచ్చిన యాత్రికుడు పగలు చార్మినారు చూచును. సాయంకాలము గోలకొండ కోటలో ధ్వనికాంతి ప్రదర్శనమునకు కూర్చుండును. దీపములు వెలుగును, యంత్రమున నింపిన కంఠము చరిత్ర చెప్పును, నటుడు మాత్రము కానరాడు. ఆ కోటను ఏలిన తానీషా ప్రభువు కూచిపూడి భాగవతుల ఆట చూచి మెచ్చి, వారి గ్రామమును వారికే అగ్రహారముగా నొసగెనని పెద్దలనుండి వచ్చుచున్న మాట. ఆటకు ఊరినే యిచ్చిన ప్రభువు కోటలో నేడు మనము అతిథికి యంత్రకంఠమును వినిపించి పంపుచున్నాము.

యంత్రము లేనిచోట మరియొక అనర్థము. ఒక పెద్ద హోటలులో అతిథుల భోజనవేళ భామాకలాపము జరుగగా చూచితిని. సత్యభామ తెరమీదుగా జడ వేసెను, ప్రవేశదరువు ఆడెను, అంతలో నిర్వాహకుడు చాలునని సైగ చేసెను. పళ్లెముల చప్పుడులో నట్టువాంగము వినబడనే లేదు. భామాకలాపమునకు ప్రాణము భామ గర్వము కాదు. ఆ గర్వము విరహమున కరగి, మాధవి చేతికి లేఖ యిచ్చి కృష్ణుని వేడుకొనుట. మొదటి తునకను మాత్రమే కోసి పెట్టినచో అతిథి చూచినది నగలు పెట్టుకొన్న యొక స్త్రీని. మన నాటకమును కాదు.

“అతిథులకు తీరిక లేదు, ఏమి చేయుదుము?” అని నిర్వాహకుల వాదము. ఈ వాదము నిలువదు. టోకియో నగరమున 1889లో వెలసిన కబుకిజా నాటకశాలలో తీరిక లేనివారికి ఒక్క అంకమునకే టిక్కెట్టు అమ్ముదురు. ఆ అంకమును అతిథికై కుదింపరు. నగరవాసులు చూచు నాటకమునే, ఆ నటులనే, వారి సరసనే కూర్చుండి అతిథియు చూచును. తగ్గునది చూచు కాలమే గాని కళ కాదు.

మనకిది యేల సాధ్యము కాలేదు? అతిథి సరసన కూర్చుండుటకు మన నాటకశాలలో మనమే లేము! 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి నాటక కుటుంబములు తరతరములుగా ఊరూర డేరాలు వేసి ఆడినవి. మాయాబజారులో వారి రంగస్థల చమత్కారములను పొగడనివాడు లేడు. టిక్కెట్టు కొనువాడు అరుదు. ఉచితపు పాసు అడుగుటకు మాత్రము మనవారికి సిగ్గు లేదు.

న్యాయవాదిని గనుక ఒక చట్టమును జ్ఞప్తికి తెత్తును. 1875-76లో వేల్సు యువరాజు కలకత్తాకు రాగా, నా వృత్తివాడే యైన యొక వకీలు ఆయనను తన అంతఃపురమునకు ఆహ్వానించెను. ఆ అతిథిమర్యాదను వంగ నటులు ప్రహసనముగా ఆడిరి. దొరతనమువారు బెదరి 1876లోనే నాటక ప్రదర్శనముల చట్టము చేసిరి. అది 2018లో రద్దయినది. నాడు నాటకశాలలో జనము కలరు గనుకనే దొరతనము భయపడెను. నేడు నాటకమును ఆపుటకు చట్టమేల? ఖాళీ కుర్చీలే ఆ పని చేయుచున్నవి.

కావలసినవి గొప్ప కోరికలు కావు. నగరమున నాటకమునకొక స్థిరమైన రంగస్థలము; వారమున నియమితమైన సాయంకాలములు; కూచిపూడివారికి, సురభివారికి, చిందు భాగవతులకు, తోలుబొమ్మలవారికి వంతులవారీగా అవకాశము; నటునకు దానముగా గాక హక్కుగా వేతనము; పరభాషవారికి కథ తెలుపు చిన్న కరపత్రము. తీరిక లేని అతిథికి ఒక్క ఘట్టమే చూపుడు. కాని దానిని తుదిదాక చూపుడు.

పఠనమందిరమున దీనిని చదువుచున్న సోదరులారా! అతిథికి వడ్డించు అన్నమును ముందుగా ఇంటివారు రుచి చూచియుండవలెను. ఈసారి మీ ఊర నాటకమాడినపుడు పాసు అడుగకుడు. టిక్కెట్టు కొని, పిల్లలను వెంటబెట్టుకొని, మంగళము పాడువరకు కూర్చుండుడు. అతిథులను పిలుచుట ఆ తరువాతి మాట.