చెమట పట్టని ప్రియుడు

డయానా బిషప్‌కు ఉద్యోగం ఉంది, పేరుంది, సదస్సులో చదవాల్సిన పత్రం ఉంది. లేనిదల్లా తీరిక. మంత్రగత్తెల వంశంలో పుట్టినా ఆ విద్య వద్దనుకుని చదువుతో పైకొచ్చిన చరిత్రకారిణి ఆమె. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో పాత రసవాద గ్రంథాలు తిరగేస్తుండగా తారసపడతాడు మాథ్యూ క్లెయిర్‌మాంట్. వయసు సుమారు 1500 ఏళ్లు. వృత్తి జన్యు పరిశోధన. జాతి రక్తపిశాచి. 2011లో డెబొరా హార్క్‌నెస్ రాసిన 'ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్' కథ ఇది. 2018లో టీవీ సీరియల్‌గానూ వచ్చింది. రచయిత్రి స్వయంగా చరిత్ర ప్రొఫెసర్. గ్రంథాలయం సన్నివేశాల్లో ఆ అనుభవం తెలుస్తూనే ఉంటుంది.

కొరియా వాళ్లూ తక్కువ తినలేదు. 2020 నాటి 'టేల్ ఆఫ్ ది నైన్ టెయిల్డ్'లో నాయిక టీవీ ప్రొడ్యూసర్, నాయకుడు మనిషి రూపంలో తిరిగే తొమ్మిది తోకల నక్క. చనిపోయిన ప్రియురాలు మళ్లీ పుడుతుందని శతాబ్దాలుగా ఎదురుచూస్తుంటాడు.

ఈ కథల్లో అసలు ఆకర్షణ కోరలూ కాదు, తోకలూ కాదు. ఆ మగవాడి దగ్గర బోలెడంత సమయం ఉండడం. అతనికి ప్రమోషన్ బెంగ లేదు, ఇంటి వాయిదాలు లేవు. ఆమె చెప్పేది చివరిదాకా వింటాడు. అలాంటివాడు కావాలంటే అమరుడే దిగిరావాలని రచయిత్రులు తేల్చారంటే తప్పు వారిది కాదు. మన దేశంలో 2024లో జరిగిన కాల వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే వెచ్చిస్తుంటే, మగవాళ్లు 88 నిమిషాలతో సరిపెడుతున్నారు. అదీ ఇంటిపని ముట్టుకునే మగవాళ్ల లెక్క.

అయితే ఈ అమరులతో చిక్కూ ఉంది. 'ట్విలైట్'లో ఎడ్వర్డ్ నాయికకు తెలియకుండా ఆమె గదిలో దూరి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. మాథ్యూ కూడా రక్షణ పేరుతో ఆజ్ఞలు జారీ చేస్తాడు. పదిహేను శతాబ్దాలు బతికీ అడిగి చేయడం నేర్చుకోకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటాడు?

ఈ బేరం మన దమయంతికీ వచ్చింది. అరణ్యపర్వంలోని కథ ప్రకారం, స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుగురూ నలుడి రూపంలో వరసగా కూర్చున్నారు. రెప్ప పడదు, చెమట పట్టదు, మెడలో పూలు వాడవు, పాదాలు నేలకు ఆనవు. ఆమె మాత్రం చెమట పట్టినవాడి మెడలోనే దండ వేసింది. ఆ ఎంపిక చవగ్గా పోలేదు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు ఆమెను అడవిలో నిద్రలోనే వదిలిపోయాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. వెతికించింది, రెండో స్వయంవరం అని కబురు పంపి రప్పించింది. రూపు మారి బాహుకుడిగా వచ్చినవాణ్ని అనుమానించి, అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది. వంట చేసింది తన మొగుడేనని అప్పుడు నమ్మింది.