అప్పు చేయలేదా... అయితే నమ్మం!

తెనాలిలో మా బాబాయికి కిరాణా కొట్టుంది. గల్లాపెట్టె పక్కనే ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. ఎవరికి ఎంత అరువిచ్చిందీ, ఎవరు ఎప్పుడు జమ వేసిందీ అన్నీ అందులోనే ఉంటాయి. ఊరందరికీ అరువిచ్చే బాబాయి తను మాత్రం ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరగడు. మొదటిసారి అప్పు చేసింది కొడుకు చదువు కోసమే. 2022లో తమ్ముడు ఎమ్మెస్ చేయడానికి టెక్సస్ బయల్దేరితే ఒకటే మాట చెప్పాడు: ‘అక్కడ ఎవరి దగ్గరా పైసా అప్పు చేయకురా!’

వాడు బుద్ధిగా ఆ మాట విన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అపార్ట్‌మెంట్ అద్దెకు అడిగితే అదనంగా డిపాజిట్ కట్టమన్నారు. సెల్‌ఫోన్ పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ అడిగితే కుదరదన్నారు. కారణం... క్రెడిట్ హిస్టరీ లేకపోవడం. ‘నేనెవరికీ ఒక్క డాలరు బాకీ లేను కదక్కా. అందుకు మెచ్చుకోవాల్సింది పోయి అనుమానిస్తారేంటి?’ అని ఫోన్లో వాడి గోడు.

నాకూ అన్యాయమే అనిపించింది. బాబాయికి మాత్రం చప్పున అర్థమైపోయింది. ‘అందులో తప్పేముందమ్మా? రొక్కమిచ్చి సరుకు పట్టుకెళ్లేవాడు మంచివాడే. కానీ వాడికి వెయ్యి రూపాయలు అరువిస్తే తిరిగిస్తాడో లేదో నాకెలా తెలుస్తుంది? నెలనెలా రాయించుకుని ఒకటో తారీఖున కట్టేసే మాస్టారి సంగతైతే నాకు తెలుసు’ అన్నాడు.

బ్యాంకులవాళ్లు పేజీలకు పేజీలు రాసినా ఇంత బాగా చెప్పలేరు!

అమెరికాలో ఇలాంటి పెద్ద ఖాతా పుస్తకాలు మూడున్నాయి. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, గడువులోగా కట్టారా లేదా అన్నది బ్యాంకులు వీటికి చెబుతుంటాయి. ఆ వివరాలతో కట్టే అంకె క్రెడిట్ స్కోరు. ఎక్కువమంది చూసేది 1989లో వచ్చిన ఫైకో స్కోరు. 300 నుంచి 850 దాకా ఉంటుంది. మన సిబిల్‌లో పెద్ద వాటా ఆ ట్రాన్స్‌యూనియన్‌దే. అయినా ఈ పుస్తకం వేరు, ఆ పుస్తకం వేరు. ఒకటీ అరా కార్డు కంపెనీలు ఇక్కడి రికార్డు చూసి కార్డు ఇస్తున్నా, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు వాయిదాలు తప్పనివాడు కూడా విమానం దిగాక అక్కడి పుస్తకంలో తెల్ల కాగితమే.

తమ్ముడు చేసిన మొదటి పొరపాటు డెబిట్ కార్డు. పాస్‌పోర్టు చూపించి బ్యాంకు ఖాతా తెరిచాడు. ఆరు నెలలు ఆ కార్డు గీకుతూ తనకో చరిత్ర తయారవుతోందనుకున్నాడు. డెబిట్ కార్డంటే మన డబ్బు మనం తీసుకోవడమేగా. అప్పు లేదు కాబట్టి పుస్తకంలో రాయడానికీ ఏమీ లేదు!

క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికి, సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చాక ఓ సీనియర్ సలహాతో సెక్యూర్డ్ కార్డు తీసుకున్నాడు. 200 డాలర్లు బ్యాంకు దగ్గర డిపాజిట్‌గా ఉంచితే 200 డాలర్ల దాకా అప్పు ఇస్తారు. ‘మన డబ్బు వాళ్ల దగ్గర పెట్టి మళ్లీ మనమే అప్పు తీసుకోవడమా!’ అని నవ్వాను గానీ, దారి మాత్రం నమ్మకమైనదే. తెరిచి ఆరు నెలలైన ఖాతా ఒకటైనా ఉంటేగానీ ఫైకో స్కోరు పుట్టదు. అమెరికాలో ఉన్న అన్నో అక్కో తమ కార్డుకు ఆథరైజ్డ్ యూజర్‌గా పేరు చేర్చినా చాలా కార్డుల విషయంలో మేలే జరుగుతుంది. కాకపోతే ఆ అన్న కట్టడం మానేస్తే మచ్చ మనకూ అంటే వీలుంది.

స్కోరులో సింహభాగం, అంటే 35 శాతం, గడువులోగా కట్టారా లేదా అన్నదానికే. ఉన్న పరిమితిలో ఎంత వాడుకున్నారన్నదానికి 30 శాతం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తమ్ముడు 200 డాలర్ల కార్డు మీద 180 డాలర్ల సరుకులు కొని, బిల్లు రాగానే మొత్తం కట్టేసేవాడు. అయినా స్కోరు పెరగలేదు. సాధారణంగా బిల్లు తయారైన రోజున ఉన్న బాకీనే బ్యాంకు పుస్తకానికి ఎక్కిస్తుంది మరి! బిల్లు తయారయ్యేలోపే చాలావరకు కట్టేస్తూ, ముప్ఫై శాతం దాటకుండా చూసుకున్నాక అంకె కదిలింది.

విద్యార్థుల గదుల్లో ఇంకో మాట తిరుగుతుంటుంది... కొంత బాకీ ఉంచితేనే స్కోరు పెరుగుతుందని. శుద్ధ అబద్ధం. పెరిగేది వడ్డీ మాత్రమే.

అన్నీ దారిన పడ్డాయనుకునేలోపు 2024 జనవరిలో బాబాయికి గుండె ఆపరేషన్. తమ్ముడు ఉన్నపళంగా వచ్చేశాడు. ఆసుపత్రి, ఇల్లు, కొట్టు... ఆ హడావుడిలో కార్డు సంగతే మరిచిపోయాడు. కట్టాల్సింది 46 డాలర్లు. మార్చిలో తిరిగి వెళ్లేసరికి గడువు దాటి ముప్ఫై రోజులు ఎప్పుడో అయిపోయాయి. అక్కడ ముప్ఫై రోజులు దాటిన ఆలస్యాన్ని బ్యాంకు పుస్తకానికి ఎక్కించవచ్చు. ఎక్కించింది. ఏడేళ్లు ఉంటుంది... అంటే 2031 దాకా. కాలం గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుందట. కానీ ఆ ఏడాదే ఉద్యోగంలో చేరి కారు లోన్‌కు వెళ్తే వడ్డీ ఎక్కువ చెప్పారు.

‘నాన్న ఆపరేషన్ అని చెప్పలేకపోయావురా?’ అని బాబాయి బాధపడ్డాడు. ఆయన కొట్లో అయితే చెల్లుతుంది. కూతురి పెళ్లి ఉందనో, పంట పోయిందనో చెబితే బాబాయి పేజీ తిప్పేసి ఊరుకుంటాడు. వాడు బ్యాంకుకు ఉత్తరం రాసి బతిమాలాడు. తుడవలేదు.

అప్పటి నుంచి నెల బిల్లు దానంతటదే ఖాతాలోంచి వెళ్లిపోయేలా ఆటోపే పెట్టుకున్నాడు. రూమ్మేట్లు ఐదుగురున్నా కరెంటు కనెక్షన్ తన పేరు మీద తీసుకోవడం మానేశాడు. అందరూ ఖాళీ చేసి వెళ్లాక మిగిలిన ఆఖరి బిల్లు వసూలు ఏజెన్సీ చేతికి వెళ్తే మచ్చ పడేది ఆ ఒక్కడికే. ఆ మూడు సంస్థల రిపోర్టులూ ఇప్పుడు వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

అన్నట్టు, ఇక్కడి తల్లిదండ్రులకూ ఓ మాట. విద్యారుణం సహ దరఖాస్తుదారుగా సంతకం చేశారంటే ఆ లోన్ మీ సిబిల్‌లోనూ ఉంటుంది. అబ్బాయి అక్కడ స్కోరు కోసం తంటాలు పడుతూ ఇక్కడి వాయిదా మరిచిపోతే దెబ్బ పడేది మీకే. బాబాయికి ఆ సంగతి నేనే చెప్పాను. చెప్పి పొరపాటు చేశానేమో! ఆదివారం ఫోన్లో కొడుకుని మొదట ‘తిన్నావా?’ అని అడిగే మనిషి, ఇప్పుడు ‘రెండు చోట్లా కట్టావా?’ అని మొదలుపెడుతున్నాడు.