ప్రదర్శనకు ముందే దరఖాస్తు

ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన బడిపిల్లల ఆలోచనకు కేంద్రం 10,000 రూపాయలిస్తుంది. నమూనా సైన్స్ ఫెయిర్‌కెక్కుతుంది, ఫోటో పేపర్లో పడుతుంది, మన సంఘాల్లోనూ చప్పట్లు కొడతాం. చిక్కు అక్కడే. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం, దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసినదానికి సాధారణంగా పేటెంట్ రాదు. గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల వెసులుబాటుంది గాని, జిల్లా ఫెయిర్‌కు అది ఉందనుకోకండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు తాత్కాలిక దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు (తర్వాత పరీక్ష ఫీజు వేరే). పూర్తి వివరాలకు మరో 12 నెలల గడువు.

కాలేజీ పేరున వేసినా, 28వ సెక్షన్ కింద కనిపెట్టినవారిగా విద్యార్థి పేరు చేర్పించవచ్చు. పెద్దలకు ఎదురు చెప్పవద్దని పిల్లలకు నేర్పింది మనమే. కాబట్టి గైడ్ పేరొక్కటే ఉన్న కాగితాన్ని ప్రశ్నించవలసినదీ మనమే, సంతకం పడకముందే.