రెండొందలకి యాభై కలిపితే ఇరవై వేలా?

పాతబస్తీలో ఛత్తా బజార్ అనగానే పెళ్లి కార్డులే గుర్తొస్తాయి. ఒకప్పుడు అక్కడ ఉర్దూ కార్డుల రాతంతా కాతిబ్‌ల చేతిమీదే నడిచేది. వధూవరుల పేర్లు చీటీ మీద రాసిస్తే, అనుమానం వచ్చినచోట ఆగి అడిగేవారు. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పని చాలావరకు కంప్యూటర్‌కి మారింది. కంప్యూటర్ మాత్రం తనంతట తాను అడగదు. అడిగేలా మనమే ప్రోగ్రామ్ రాయాలి.

మీ ఇంట్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలుంటే ఈ వారం ముచ్చట వాళ్ల కోసమే. అలాంటి కుర్రాడొకడు అక్కడి కార్డుల దుకాణానికి ఆర్డర్ల ప్రోగ్రామ్ రాస్తున్నాడనుకుందాం. తెరమీద ఓ విండో. పేరుకో పెట్టె, కార్డుల సంఖ్యకో పెట్టె, అదనపు కార్డులకో పెట్టె, కింద ‘సేవ్’ బటన్. ఈ పెట్టెల్నే టెక్స్ట్‌బాక్స్‌లంటారు. విజువల్ బేసిక్‌లో అయితే ‘టెక్స్ట్’ అనే ప్రాపర్టీ, పైథాన్ టికింటర్‌లో అయితే ‘గెట్’... ఒక్క వరుసతో పెట్టెలో ఉన్నది చేతికొస్తుంది. కాకపోతే బటన్ నొక్కినప్పుడు చదవాలి. విండో తెరుచుకోగానే చదివితే దొరికేది ఖాళీయే!

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అంకెలు కొట్టినా సరే, పెట్టెలోంచి వచ్చేది అక్షరాల వరుసే. 200, 50 అని కొట్టినవాటిని అలాగే ప్లస్ గుర్తుతో కలిపితే 250 రాదు. రెండింటినీ పక్కపక్కన అతికించి 20050 అంటుంది. ఎవరూ చూసుకోకుండా ప్రెస్సుకి పంపితే పెళ్లివారికి ఇరవై వేల యాభై కార్డులు! అందుకే ముందు సంఖ్యగా మార్చాలి, తర్వాతే కూడాలి. ‘రెండొందలు’ అని అక్షరాల్లో రాసేవాళ్లూ ఉంటారు. అప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోకుండా ‘అంకెల్లో రాయండి’ అని మర్యాదగా చెప్పాలి.

పేర్ల సంగతి ఇంకా సున్నితం. పేరు చివర పొరపాటున ఒక ఖాళీ పడినా కంప్యూటర్‌కి అది వేరే పేరు. చదవగానే అటూఇటూ ఉన్న ఖాళీలు తీసేయాలి. ఇంటిపేరు తప్పనిసరి అని పెడితే, విడిగా ఇంటిపేరు లేనివాళ్లు పాతబస్తీలో ఎందరో. వాళ్లేం రాయాలి? ఇరవై అక్షరాలు చాలనుకోవడమూ పొరపాటే. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. హద్దు చిన్నదైతే తెలుగు పేరు ఒత్తు దగ్గర తెగిపోతుంది. ఉర్దూ కుడినుంచి ఎడమకి నడుస్తుంది కాబట్టి, తెరమీద కుడి చివరన కనిపించేదే ప్రోగ్రామ్ చదివే మొదటి అక్షరం.

ప్రోగ్రామ్ పూర్తయ్యాక ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి ముందు పెట్టి చూడండి. ఒక పెట్టె ఖాళీగా వదలమనండి. సంఖ్య ఉండాల్సినచోట మాటలు రాయమనండి. బంధువుల్లో అందరికంటే పొడుగు పేరు తెలుగులో కొట్టమనండి. ఈ మూడింటికీ తడబడకపోతే అప్పుడు దుకాణానికి ఇవ్వొచ్చు.