విద్యయు విపణియు

పాఠశాలలను అంగళ్లవలె పోటీకి విడిచినచో మంచివి నిలుచుననియు, చెడ్డవి మూతపడుననియు, ప్రభుత్వము తలిదండ్రుల చేతికి రొక్కమిచ్చి తాను తప్పుకొనవలెననియు వాదించువారు మన దేశమున గలరు. ఈ వాదము క్రొత్తది కాదు. అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే దీనిని వ్రాసి ప్రకటించెను. దేశమంతటను దీని నాచరించి చూచిన రాజ్యము దక్షిణ అమెరికాలోని చిలీ.

అచ్చట 1973లో సైన్యము అధికారము నాక్రమించెను. ఆ సైనిక ప్రభుత్వమే 1981లో సర్కారు బడులను పురపాలక సంఘముల కప్పగించి, బడి సంఘముదైనను ప్రైవేటుదైనను, హాజరైన విద్యార్థి తలకింతయని గ్రాంటు నిచ్చు పద్ధతిని పెట్టెను. లాభాపేక్షతో బడి నడుపువారికిని ఆ ధనము దక్కెను. 1993 తరువాత గ్రాంటు పుచ్చుకొనుచునే అదనముగా జీతము వసూలు చేయుట విరివియయ్యెను. తొలుత నూటికి 70 మందికి పైగా పిల్లలు సర్కారు బడులలో నుండగా, ముప్పదేండ్లలో ఆ సంఖ్య 40కి లోపడెను.

పోటీ జరిగిన మాట నిజమే. కాని దేనికొరకు? అంగటివాడు కొనువాని నేరుకొనడు. పైకమిచ్చిన యెవనికైనను బియ్యము కొలిచి పోయును. బడి యట్లు కాదు. బోధన బాగుచేయుట కష్టము, వ్యయము. పరీక్షపెట్టి, తలిదండ్రులను ప్రశ్నించి, వెనుకబడినవానిని, నిరుపేదను గుమ్మము వద్దనే త్రిప్పి పంపుట మిక్కిలి సులువు. ఎంచుకొను స్వేచ్ఛ తలిదండ్రులదని చెప్పిరి. అది బడులకు దక్కెను. 2006లో, నలుపు తెలుపు దుస్తులనుబట్టి 'పెంగ్విన్'లని పేరుపడిన ఉన్నతపాఠశాలల పిల్లలు వీధులకెక్కిరి. 2011లో విశ్వవిద్యాలయముల వారును లేచిరి. తుదకు 2015లో శాసనము చేసి, గ్రాంటు పొందు బడులలో లాభమును, అదనపు జీతమును, విద్యార్థుల నేరుటను క్రమముగా తొలగింప నారంభించిరి.

మన చట్టమునకు ఈ యేరుట సంగతి తెలియకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 13వ సెక్షను, చేర్చుకొనునపుడు పిల్లవానిని గాని తలిదండ్రులను గాని పరీక్షింపరాదని నిషేధించినది. అయితే ఆ రక్ష 14 ఏండ్లతో, 8వ తరగతితో సరి. ఆంధ్ర తెలంగాణములలో అసలు బేరము మొదలగునది ఇంటర్మీడియేటులో!

అచ్చట జరుగునది పట్టణవాసు లెరుగనిది కాదు. పదవ తరగతిలో మార్కులు మెండుగా తెచ్చుకొన్నవానికి జీతము తగ్గించి పిలుతురు. సామాన్యుని తండ్రి పొలము తాకట్టుపెట్టి పూర్తి జీతము చెల్లించును. ఈ జీతముతో ఆ ర్యాంకు పుట్టును. ర్యాంకు పత్రికలో నిండుపుట ప్రకటన యగును. ఆ పుటను చూచి మరియొక తండ్రి పొలము తాకట్టుపడును. (ఆ ప్రకటనల పైకము పుచ్చుకొను పత్రికలును ఇందు పాలివారే.) సర్కారు బడులు చెడినవి గనుకనే జనులు పోవుచున్నారందురా? నిజమే. కాని అడుగగలవారందరు వెడలిపోయిన పిదప, ఆ బడికి ఉపాధ్యాయుడు లేడని యడుగువారెవరు?

న్యాయస్థానములు మాటాడకపోలేదు. ఉన్నికృష్ణన్ ఆంధ్రప్రదేశ రాష్ట్రముపై తెచ్చిన వ్యాజ్యెమున 1993లో సుప్రీంకోర్టు విద్య వ్యాపారము కాజాలదనెను. 2002లో పదునొకండుగురు న్యాయమూర్తులు ఆ తీర్పులోని ఫీజుల పథకమును త్రోసివేసియు, మితిమీరిన లాభార్జన కూడదనిరి. ప్రైవేటు వైద్యకళాశాలల వార్షిక ఫీజును 24 లక్షల రూపాయలకు పెంచిన 2017 నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వోత్తరువు చెల్లదని హైకోర్టు చెప్పగా, 2022లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. న్యాయవాదులమగు మాకు ఈ తీర్పులు కంఠస్థములే. ఫీజు కట్టు కిటికీ వద్ద మాత్రము వీని ధ్వని వినబడదు.

కావున 13వ సెక్షనులోని నిషేధమును ఇంటర్మీడియేటునకును చెల్లునట్లు రెండు శాసనసభలును చట్టము చేయవలెనని మేము కోరుచున్నాము. అంతవరకైనను, ర్యాంకులు ప్రకటించు ప్రతి కళాశాలయు, ఆ ప్రకటనయందే, ఆ యేట తాను చేర్చుకొన్నవారెందరో, పరీక్షకు కూర్చున్నవారెందరో, నడుమ మానివేసినవారెందరో, ర్యాంకుల యక్షరములంత పెద్ద యక్షరములతోనే అచ్చువేయవలెను.